సీసం గదిలో తిన్న అన్నం

మా ముత్తాత సన్యాసి అప్పలనాయుడుగారు సంస్థానం వారి కింద మూడు ఊళ్లకు మొఖాసాదారు. ఆ మూడు ఊళ్ల శిస్తు ఆయన చావడికి వచ్చేది, తగవులు ఆయన అరుగు మీద తీరేవి. మా తాతగారు సీతారామనాయుడుగారి కాలానికి శిస్తు పోయింది, తగవులు మిగిలాయి. మా నాన్నగారు లక్ష్మునాయుడుగారి కాలానికి ఆ తగవులు కూడా అరుగు దిగి కోర్టుకు వెళ్లాయి. నా వరకు వచ్చినవి పేరు, గజపతినగరం అవతల కొంత మెట్ట, ఒక పల్లపు మడి, ఒక చెక్క తెర.

ఆ తెర సంగతి ముందే చెప్పాలి. నాలుగు పలకల టేకు తెర, ఇత్తడి బందులతో మడతపడేది. మా ఇంట్లో మగవాళ్లు భోజనానికి కూర్చుంటే దాన్ని విప్పి అడ్డం పెట్టేవారు. మా వంశంలో వాడు అన్నం తింటుండగా పరాయివాడి కన్ను పడకూడదు. దిష్టి తగులుతుందని మా నాయనమ్మ అనేది. కరువు రోజుల్లో దొర నోరు కదలడం రైతు చూడకూడదని ముత్తాత పెట్టిన నియమమని మా నాన్నగారు అనేవారు. కారణం ఏదైనా నేను పాటించాను. పెళ్లిళ్లలో బంతిలో కూర్చోలేదు. హోటల్లో తినలేదు. నా రోగంలో ఈ అలవాటుకు భాగం ఉంది కాబట్టి రాస్తున్నాను, గొప్ప కోసం కాదు. గొప్ప కోసమే అనుకునేవాళ్లు అనుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

ఒంట్లో ఏదో తేడాగా ఉందని తెలిసిన రోజు నేను నెల్లిమర్ల బస్సులో ఉన్నాను. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఒళ్లో తోలు సంచి. పొద్దున తొమ్మిది కాలేదు. తడిబట్టను పిండినట్టు బొడ్డు చుట్టూ పేగులు మెలిపడ్డాయి. జూట్ మిల్లు దగ్గర బస్సు ఆపించి దిగాను. రెండడుగులు వేసి రోడ్డు పక్కన నేల మీద కూలబడ్డాను. చెమట కారుతోంది, ఒళ్లు మాత్రం చల్లగా ఉంది. పక్కన ముంజలు అమ్ముతున్న ముసలమ్మ నన్ను కాసేపు చూసింది.

"ఏటి బాబూ, పొద్దున్నే ఏసీసినావా?"

మా ఇంట్లో మందు ముట్టినవాళ్లు లేరని ఆమెకు చెప్పి ఏం లాభం?

"తాగితే తాగినావు గాని, తెల్లబట్టలు మాసిపోతన్నాయి. ఈ గోనె మీద కూకో."

గోనె మీద కూర్చోలేదు. నొప్పి తగ్గేదాకా నేల మీదే ఉండి, తర్వాత లేచి పంచె దులుపుకుని పనికి వెళ్లాను.

ఆ పని ఏమిటో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. నాన్నగారి నాటి కోర్టు వ్యవహారాలు ఇంకా నడుస్తున్నాయని, వాటి మీద నేను రోజూ విజయనగరం వెళ్తున్నానని అనుకునేవారు. తోలు సంచిలో ఉన్నవి కోర్టు కాగితాలని అనుకునేవారు. అందులో ఉండేది అన్నం క్యారేజీ, ఒక జత పని బట్టలు. విజయనగరంలో బస్సు మారి నెల్లిమర్ల వెళ్లేవాణ్ని. ఊరి శివార్లో అప్పలసూరి బ్యాటరీ షాపు ఉంది. అప్పలసూరి తండ్రి మా నాన్నగారి బండి తోలేవాడు. ఆ షాపులో సగం వాటా నాది. ఆ పల్లపు మడి అమ్మి అందులో పెట్టాను.

ట్రాక్టర్లవి, ఆటోలవి, ఇన్వర్టర్లవి పాత బ్యాటరీలు వచ్చేవి. వాటిని గొడ్డలితో పగలగొట్టి, లోపలి ప్లేట్లు లాగి, సీసం కరిగించి, కొత్తగా పోత పోసి, బాగుచేసి అమ్మేవాళ్లం. మిగిలిన సీసాన్ని దిమ్మలు పోసేవాళ్లం. బోర్డు మీద నా పేరు ఉండకూడదని మొదటి రోజే చెప్పాను.

"మీ పేరెందుకు బాబూ, నా పేరే సాలు. మీరు ముందర కుర్సీలో కూకోండి. మీ మొకం సూస్తే కొనీవోడికి నమ్మకం," అన్నాడు అప్పలసూరి.

ముందర కూర్చుంటే వచ్చిపోయే రైతుల్లో ఎవడో ఒకడు గుర్తుపడతాడు. అందుకని వెనక గది తీసుకున్నాను. దానికి కిటికీ లేదు. ఒక ఇనుప మూకుడు, బొగ్గుల పొయ్యి, పొయ్యికి గాలికొట్టే చిన్న ఫ్యాను. సీసం కరిగేది అక్కడే. షాపు మొత్తం మీద చెడ్డ పనిని నేను కోరి తీసుకున్నాను, అది ఎవరికీ కనపడదు కనుక.

మధ్యాహ్నం అప్పలసూరి, ఇద్దరు పనివాళ్లు షాపు వెనక కాలవలో మోచేతుల దాకా కడుక్కుని, గట్టు మీద కానుగ చెట్టు నీడలో క్యారేజీలు విప్పేవారు. నేను గది తలుపు వేసుకుని, మూకుడు పక్కన పీట వేసుకుని తినేవాణ్ని. చెంబులో నీళ్లతో వేళ్లు తడుపుకునేవాణ్ని, అంతే. గోడల మీద, పీట మీద, చెంబు అంచు మీద సన్నటి బూడిదరంగు పొడి ఉండేది.

"ఆ పొగలో ఏటి బాబూ బువ్వ?" అని అప్పలసూరి చాలాసార్లు తలుపు తట్టాడు. "బయటికి రండి. మేం అటు తిరిగి కూకుంటాం. సూడం, ఒట్టు."

నేను వెళ్లలేదు. సాయంత్రం వాళ్లు కాలవలో స్నానాలు చేసి ఇళ్లకు వెళ్లేవారు. పదిమంది మధ్య కాలవ స్నానం మాకు అలవాటు లేదు. మొహం తుడుచుకుని, తెల్లబట్టలు కట్టుకుని, పని బట్టలు సంచిలో మడిచి ఇంటికి తెచ్చేవాణ్ని. చాకలికి వేస్తే ఆ రంగేమిటని అడుగుతాడు. వాటిని నా భార్య సత్యవతి పెరట్లో చేత్తో ఉతికేది. ముందు దులిపేది, తర్వాత నానబెట్టేది. ఆ నీళ్లు సిమెంటు రంగులో పారేవి.

సత్యవతిది ఎచ్చెర్ల దగ్గర పల్లె. తండ్రి బడిపంతులు, డిగ్రీ చదివించాడు. పెళ్లికి ముందు వాళ్లకూ కోర్టు, వ్యవసాయం అనే చెప్పాం. వచ్చిన వారానికే బట్టలు ఆమెకు నిజం చెప్పాయి. "ఏంటండి ఇది?" అంది. "ఇంటి గుట్టు" అన్నాను. మళ్లీ అడగలేదు.

పెళ్లయిన మూడో ఏట ఆమెకు నెల తప్పింది. పదో వారంలో పోయింది. "మొదటిసారి అలా అవుతుంది, చాలామందికి అవుతుంది" అంది విజయనగరంలో డాక్టరమ్మ. ఆ తర్వాత రెండేళ్లు ఏమీ లేదు. సత్యవతికి స్కానింగులు చేశారు, థైరాయిడ్ చూశారు, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూశారు. అన్నీ నార్మల్.

మా మేనత్త జగదాంబ పక్క వీధిలో ఉండేది. మా అమ్మ పోయాక ఇంటికి పెద్ద దిక్కు ఆవిడే. ప్రతి రిపోర్టూ చేతిలోకి తీసుకునేది, చదవడం రాకపోయినా.

"అన్నీ బాగున్నాయంటే మరి పిల్లడేడే? మా ఇత్తనం మంచిదే, ఏడు తరాల నుంచి సూస్తన్నాం. నేలే సవుడు."

సత్యవతి బియ్యం చెరుగుతోంది. చేట ఆగలేదు. నేను కుర్చీలో కూర్చుని విన్నాను.

డాక్టరమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "ఆమెకు చేయాల్సినవి అయిపోయాయి. ఇక మీకు సెమెన్ ఎనాలిసిస్, వీర్య పరీక్ష చేయాలి." ఎనిమిది నెలలు తప్పించుకున్నాను. ఒకసారి అపాయింట్‌మెంట్ రోజున కావాలని బస్సు వదిలేశాను. చివరికి సత్యవతి, "మీరు రాకపోతే నాను మా ఊరు ఎల్లిపోతాను" అంది. ఆమె ఇంటి యాస ఆమెకు కోపం వచ్చినప్పుడే బయటికి వచ్చేది. వెళ్లాను. ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టి బాత్రూమ్ చూపించారు. బయటికి వచ్చేసరికి వరండాలో ఇరవై మంది ఉన్నారు. కిటికీ దగ్గరి అసిస్టెంటు గట్టిగా పిలిచాడు.

"నాయుడుగారు ఎవులండీ? సేంపిల్ ఇచ్చీసినారా?"

మూడు ఊళ్ల మొఖాసాదారు మునిమనవణ్ని, డబ్బా చేత్తో పట్టుకుని ఆ వరండా దాటాను.

రిపోర్టు చూసి డాక్టరమ్మ, "కౌంట్ తక్కువ ఉంది. మోటిలిటీ, అంటే కదలిక, ఇంకా తక్కువ. ఉన్నవాటిలో చాలావాటి ఆకారం కూడా సరిగా లేదు," అంది. తర్వాత పెన్ను తీసింది.

"సిగరెట్?"

"లేదు."

"డ్రింక్స్?"

"మా ఇంట్లో లేదు."

"ఏం పని చేస్తారు?"

"వ్యవసాయం."

సత్యవతి తల తిప్పి నన్ను చూసింది. నేను గోడ మీది పసిపిల్ల బొమ్మను చూశాను.

"పురుగుమందులు మీరే కొడతారా?"

"మా మనుషులు కొడతారు."

ఆవిడ కేస్ షీట్ మీద వ్యవసాయం అని రాసుకుంది. ఆ ఒక్క మాట నన్ను ఎక్కడికీ కదలనివ్వలేదు. తర్వాత నేను వెళ్లిన ప్రతి డాక్టరూ పాత కాగితం చూసి అదే మాటను కొత్త కాగితం మీదికి ఎక్కించాడు. బిగుతు బట్టలు వద్దన్నారు, వేడినీళ్ల స్నానం వద్దన్నారు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. మాత్రలు ప్రతిరోజూ మధ్యాహ్నం భోజనం తర్వాత వేసుకోమన్నారు. వేసుకున్నాను. ఆ గదిలోనే, ఆ వేళ్లతోనే.

కడుపునొప్పి మాత్రం నెలకు రెండుసార్లయినా వచ్చేది. మలబద్ధకం, నోట్లో ఇనుము రుచి, మెట్లెక్కితే ఆయాసం. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన ఎండోస్కోపీ చేసి అల్సర్ లేదన్నాడు. మరొక చోట అపెండిక్స్ అని అనుమానపడి, రెండు రోజులు పడుకోబెట్టి, కాదని పంపేశారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. నెలల తరబడి మింగినా హిమోగ్లోబిన్ కదల్లేదు. "వ్యవసాయదారులు కదా, నులిపురుగులు ఉంటాయి" అని ఒకాయన పురుగుల మందు కూడా ఇచ్చాడు. వాళ్లను తప్పుపట్టను. అబద్ధానికి వైద్యం చేశారు.

పెళ్లయిన ఆరో ఏట సత్యవతికి మళ్లీ నెల తప్పింది. ఈసారి మూడు నెలలు దాటాయి, నాలుగు దాటాయి. మా అత్త సున్నుండలు తెచ్చి పెట్టింది, దగ్గర కూర్చుని తల దువ్వింది. సత్యవతి అప్పుడు కూడా నా బట్టలు ఉతుకుతూనే ఉంది. వంగలేక, చిన్న పీట మీద కూర్చుని ఉతికేది. ఐదో నెలలో ఒకరోజు పొద్దున కడుపులో బిడ్డ కదలడం లేదంది. విజయనగరం తీసుకెళ్లాం. స్కానింగ్ గదిలో డాక్టరమ్మ గుండె చప్పుడు లేదని చెప్పి కాన్పుకు రాసింది. మగపిల్లవాడు.

ఆ తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని విశాఖపట్నం పంపింది. అక్కడ ఒక ఆసుపత్రిలో మెడిసిన్ డాక్టరు, రిటైరయ్యే వయసు మనిషి, ఇద్దరి ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఐరన్ వేసుకున్నా తగ్గని ఎనీమియా. ఇద్దరికీ ఒకే రకంగా ఎందుకుంది?" అన్నాడు తనలో తాను. తర్వాత నాతో, "నోరు తెరవండి. కింది పెదవి లాగి పట్టుకోండి."

టార్చి వేసి పళ్ల మొదళ్లలో చూశాడు. చిగుళ్ల అంచున నల్లటి నీలి గీత ఉందని సత్యవతికి చూపించాడు. అది తమలపాకు మరక అని నేను ఏళ్ల నుంచి అనుకుంటున్నాను.

"ఏం పని చేస్తారు?"

"వ్యవసాయం."

"బ్యాటరీలు, పెయింట్లు, లోహాలు కరిగించడం, అలాంటివేమైనా?"

"మా వంశంలో అలాంటి పనులు చేసినవాళ్లు లేరు."

"నేను వంశం అడగలేదండీ. మిమ్మల్ని అడిగాను."

నేను మళ్లీ వ్యవసాయం అనే చెప్పేవాణ్ని. నోరు తెరిచాను కూడా. సత్యవతి ముందు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"అబద్ధం డాక్టరుగారూ. ఈయన సీసం కరగబెడతారు. నా పెళ్లికి ముందు నుంచీ. ఆ బట్టలు నేను ఉతుకుతాను." నా వైపు తిరిగింది. "ఇంకా ఏటుందని దాస్తారు? రెండు పోనాయి."

డాక్టరు నన్ను తిట్టలేదు. కేస్ షీట్ మీద 'వ్యవసాయం' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పైన కొత్త మాట రాశాడు. ఇద్దరికీ రక్తంలో సీసం ఎంతుందో చూసే బ్లడ్ లెడ్ లెవల్ పరీక్ష రాసిచ్చాడు.

తిరుగు బస్సులో విజయనగరం దాకా నేను ఆమెతో మాట్లాడలేదు. పరాయివాడి ముందు నన్ను అబద్ధాలకోరును చేసిందన్న కోపమే నాకు తెలిసింది, మిగతాదేదీ తెలియలేదు. ఆమె కిటికీ పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుని తింది. పొట్లం ఒకసారి నా వైపు చాచింది. బస్సు నిండా జనం. నేను తీసుకోలేదు.

రిపోర్టులు వారం తర్వాత వచ్చాయి. నాది ఉండాల్సిన దానికి పదింతలు పైన. సత్యవతిది నా దానిలో మూడో వంతు. డాక్టరు అప్పలసూరిని, పనివాళ్లను కూడా పరీక్ష చేయించమన్నాడు. ముగ్గురికీ ఉండాల్సిన దానికంటే ఎక్కువే, కానీ నా దానిలో సగం కూడా లేదు. గొడ్డలితో బ్యాటరీలు కొట్టేది వాళ్లు, ప్లేట్లు లాగేది వాళ్లు. అప్పలసూరికి ముగ్గురు పిల్లలు.

"వాళ్లకు తక్కువెందుకుంది?" అన్నాను. ఆ ప్రశ్నలో ఏం కోరుకున్నానో ఇప్పుడు చెప్పుకోవడం సిగ్గుచేటు.

"మీరు భోజనం ఎక్కడ చేస్తారు?"

చెప్పాను. తెర సంగతి కూడా చెప్పాను. పెన్ను ఆగింది.

"సీసం పొగతో కొంత లోపలికి వెళ్తుంది, అన్నంతో చాలా వెళ్తుంది. వాళ్లు కడుక్కుని బయట తిన్నారు, స్నానం చేసి ఇంటికి వెళ్లారు. మీరు సీసం కలుపుకుని తిన్నారు. మిగిలింది బట్టల్లో మూటకట్టి భార్యకు ఇచ్చారు."

వీర్యకణాలు తగ్గడానికి, మందగించడానికి, గర్భం నిలవకపోవడానికి సీసం కారణం కావచ్చని ఆయన వివరంగా చెప్పాడు. సత్యవతి ఒక్కటే అడిగింది. "నా ఇద్దరూ దీనివల్లే పోయారా?"

"అలా ఖచ్చితంగా చెప్పలేనమ్మా. వేరే కారణాలూ ఉండవచ్చు. కానీ ఇది ఒంట్లో ఉండగా ఇంకో కారణం వెతకలేం."

ఖచ్చితంగా చెప్పలేనన్న ఆ మాటను నేను చాలాకాలం పట్టుకుని వేలాడాను. సత్యవతి దాన్ని ముట్టుకోలేదు.

ఆ రోజుతో వెనక గది మూసేశాను. మూకుడు తీసి బయట పడేస్తూ అప్పలసూరి, "నాను పిలిసినాను గదా బాబూ. అటు తిరిగి కూకుంటానన్నాను గదా," అన్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. ఈ కథలో నా కోసం ఏడ్చింది అతనొక్కడే. నేను అతనితో కూర్చుని ఒక్క ముద్ద తినలేదు.

చీలేషన్ అని వైద్యం మొదలుపెట్టారు. కాప్సూల్స్ ఒంట్లో సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి తోస్తాయి. కుళ్లు గుడ్డు వాసన. తింటే వికారం. మూడు వారాలకు లెవల్ సగానికి దిగింది. నేను గెలిచానని అనుకున్నాను. రెండు నెలల తర్వాత పరీక్ష చేస్తే మళ్లీ పైకి వచ్చింది. మళ్లీ షాపుకు వెళ్తున్నానేమోనని డాక్టరు నన్ను కాదు, సత్యవతిని అడిగాడు. నా మాటకు ఆయన దగ్గర విలువ పోయింది. ఆమె లేదంది.

"అయితే ఎముకల్లోంచి వస్తోంది. ఇన్నేళ్లది అక్కడ దాక్కుని ఉంటుంది. రక్తంలో తగ్గినప్పుడల్లా కొంచెం బయటికి వదులుతుంది. తొందరపడితే లాభం లేదు."

రెండో కోర్సు, మూడో కోర్సు. ఏడాదిన్నరకు కడుపునొప్పి పోయింది, రక్తం పట్టింది. సెమెన్ రిపోర్టు మెరుగైంది, నార్మల్‌కి కొంచెం కింద. సత్యవతికి మందులు తక్కువే పడ్డాయి, కానీ ఆమె విషయంలో డాక్టరమ్మ గట్టిగా ఉంది. "గర్భం వస్తే బిడ్డకు కాల్షియం కావాలి, అప్పుడు ఎముకలు కరుగుతాయి, వాటితో సీసం కూడా వస్తుంది. లెవల్ ఇంకా తగ్గాలి. అప్పటిదాకా ఆగండి." ఆగాం. ఒక ఏడాది అన్నది మూడేళ్లయింది. ఆగమనడం మానేసి ప్రయత్నించమని చెప్పేనాటికి సత్యవతికి ముప్ఫై ఐదు దాటాయి. ఏడాదిన్నర ప్రయత్నించాం. రాలేదు. ఐవీఎఫ్ గురించి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెబుతుంటే సత్యవతి మధ్యలో లేచింది.

"ఇంక సాలు మేడమ్. నా ఒళ్లు నాకు ఇచ్చీండి."

వరండాలోకి వచ్చాక నేను ఏదో అనబోయాను. "మీరు ఇప్పుడేటీ సెప్పకండి. సెప్పాల్సినప్పుడు సెప్పలేదు," అంది. అన్నేళ్లు ఒక మాట దాచినవాడికి అంతకంటే మర్యాదైన శిక్ష ఉండదు.

ఆ నెలలోనే మా అత్త సంబంధం తెచ్చింది, నాకు. రెండో పెళ్లికి. చీపురుపల్లి వైపు పిల్లట, పేదవాళ్లట, నోరు లేనిదట. సత్యవతి వంటింట్లో ఉండగానే చెప్పింది.

"నేల మార్సాలి బాబూ. ఇంక ఎన్నాళ్లని సూస్తాం?"

"నేల మంచిదే అత్తా. విత్తనమే చెడింది. నేను పదేళ్లు నెల్లిమర్లలో సీసం కరిగించాను. నా రిపోర్టులు ఉన్నాయి. నీ కోడలికి అంటించింది కూడా నేనే."

పని చేశానన్న మాట ఆవిడకు ఎక్కువ తగిలిందో, రోగం అన్న మాట ఎక్కువ తగిలిందో నాకు తెలియదు. తర్వాత లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించింది.

"అయితే అయింది. బయట ఎవులికీ సెప్పకు. దాన్ని గొడ్డురాలనే అననీ. ఆడదానికి ఒక మాట పడితే ఏటవుతాది? నీకు పడితే వొంశానికి పడినట్టు."

ఆవిడ అన్నది నేను అంతవరకు చేసినదే. పైకి అనలేదు, అంతే తేడా. ఇది అచ్చులో రావాలని నేను నిర్ణయించుకున్నది ఆ రోజే. నా భార్య గొడ్డురాలు కాదు. రెండుసార్లు గర్భం దాల్చింది. ఆమె ఒంట్లో ఏ లోపమూ ఉన్నట్టు ఏ రిపోర్టులోనూ లేదు, నా బట్టలతో వచ్చింది తప్ప. మూడు ఊళ్లలో ఆమెను ఆ మాట అన్నవాళ్లు ఇది చదవకపోవచ్చు. చదివినవాళ్లు చదివి వినిపించండి.

ఇప్పుడు నాకు నలభై మూడు. గజపతినగరంలో ఒక రైస్ మిల్లులో కాటా దగ్గర చీటీలు రాస్తాను. చీటీ కింద నా సంతకం, పూర్తి పేరుతో ఉంటుంది. వచ్చే రైతుల్లో కొందరు మా వాళ్లను ఎరిగినవాళ్లు. "ఏటి నాయుడుబాబూ, మీరేటి ఇక్కడ?" అంటారు. "పని చేస్తున్నాను" అంటాను. మధ్యాహ్నం కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, కలాసీలతో పాటు రేకుల షెడ్డు కింద తింటాను. గోడ వైపు తిరిగి కూర్చుంటాను. అంతవరకే నా వల్ల అయింది. ఆరు నెలలకొకసారి ఇద్దరం పరీక్షకు రక్తం ఇచ్చి వస్తాం. చలికాలంలో నా కుడి మణికట్టు పట్టు తప్పుతుంది, పెన్ను జారుతుంది. అది ఇక పోదట. అప్పలసూరి సీసం కరిగించడం మానేసి, చార్జింగు వరకే పెట్టుకున్నాడు. సత్యవతి ఊళ్లో పదో తరగతి ఆడపిల్లలకు లెక్కలు చెబుతుంది. నా బట్టలు నేనే ఉతుక్కుంటాను. మా అత్త మా ఇంటికి రావడం మానేసింది.

పిల్లలు లేక ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏం పని చేస్తారని డాక్టరు అడిగితే, మీ చేతులు చేసే పని చెప్పండి, మీ తాతల పని కాదు. బ్యాటరీలు కానీ, పెయింటు కానీ, బంగారం కరిగించడం కానీ, ఏదైనా సరే, ఎన్నేళ్లుగా చేస్తున్నారో, అన్నం ఎక్కడ తింటారో, ఆ బట్టలు ఎవరు ఉతుకుతారో కూడా చెప్పండి. మీరు చెప్పకపోతే మీ పక్కన కూర్చున్న మనిషిని చెప్పనివ్వండి.

చెక్క తెరను మొన్న వేసవిలో అమ్మేశాం. విశాఖపట్నం నుంచి పాత సామాన్లు కొనేవాడు వచ్చాడు. పలకలకు ఒక ధర కట్టి, ఇత్తడి బందులు విడదీసి తూకానికి ఇవ్వమన్నాడు. సత్యవతి ఒప్పుకోలేదు, కలిపే అమ్మింది.